ఆరంటే ఆరింటికే కదిలిన పెళ్లి బస్సు

మా మేనల్లుడి పెళ్లిలో అందరికంటే ఆఖరున మండపంలోకి వచ్చింది తాళి. ఆ తాళి నా జేబులో ఉంది. నేనేమో రాళ్లు మోసే లగేజి ఆటోలో, టార్పాలిన్ పట్ట మీద, మా పెద్దమ్మ పక్కన ఉన్నాను. పెళ్లి బస్సు నన్ను వదిలేసి పోయింది. ఆ బస్సుకు టైము పెట్టింది నేను. డ్రైవరుకు హుకుం జారీ చేసింది నేను. ఇంత ఘనకార్యం ఒక్క మనిషే ఎలా చేయగలిగాడో, మీరు నవ్వనంటే చెబుతాను. నవ్వుతారని తెలుసు. సరే, నవ్వుతూనే వినండి.

తప్పంతా జపానుది.

నేను పెద్ద చదువులు చదివినవాణ్ణి కాను. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో రాళ్ల లెక్క చూస్తాను. లోడు లారీ చుట్టూ ఒకసారి తిరిగి వస్తే అందులోంచి ఎన్ని పలకలు తెగుతాయో చెప్పగలను. ఎవరూ నేర్పలేదు, చూసి చూసి వచ్చింది. లెక్క సరిగ్గా కుదిరితే నాకు పప్పన్నం తిన్నంత హాయి. అలాంటివాడి కంట్లో ఒకరోజు పేపర్లో చిన్న వార్త పడింది. జపానులో ఒక రైలు కొన్ని సెకన్లు తేడాగా బయలుదేరిందట. దానికి రైలు కంపెనీవాళ్లు ప్రజలకు క్షమాపణ చెప్పారట. ఆలస్యంగా కాదండీ, ముందుగా! ముందుగా కదిలినందుకు!

మన బస్టాండులో "బస్సెప్పుడు పోతాదన్నా?" అని అడిగితే "నిండినాక" అని జవాబొస్తుంది. అలాంటి చోట బతుకుతున్నవాడికి ఆ వార్త చదివితే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఎండలో నడిచి వచ్చినవాడికి కుండనీళ్లు దొరికినట్టుంది నాకు.

అప్పటినుంచి పేపర్లో, ఫోనులో జపాను మాట ఎక్కడ కనబడినా వదల్లేదు. అక్కడ రోడ్డు పక్కన కూరగాయలు పెట్టి మనిషి కూడా ఉండడట, కొన్నవాళ్లే డబ్బాలో డబ్బులేసి పోతారట. బడిలో పిల్లలే గదులు ఊడ్చుకుంటారట. రైల్లో ఫోను మోగితే సిగ్గుపడతారట. ఒంటరిగా ఉండే ముసలివాళ్ల గురించి కూడా ఏవో వార్తలు వచ్చేవి. వాటిని మాత్రం పైపైన చూసి పేజీ తిప్పేసేవాణ్ణి. నాకు కావలసింది రైళ్లు.

చదివింది చదివినట్టు రోజూ టీకొట్టులో చెప్పేవాణ్ణి, నా అభిప్రాయాలు కలిపి. టీకొట్టు ఖాదరు ఓపికగా వినేవాడు.

"రమణన్నా, ఆడ టీకొట్లు ఉంటాయా?"

"ఉంటాయి ఖాదరూ. కానీ గ్లాసు చప్పుడు గూడ కాదు. అంత నిశ్శబ్దం."

"మరి టీకొట్టుకు పోయి ఏం జేస్తారన్నా, పాపం?"

ఇలాంటివాళ్ల మధ్య నా జపాను పరిజ్ఞానం ఎండిపోతున్న సమయంలో మేనల్లుడు శ్రీనుకు పెళ్లి కుదిరింది. పిల్లది కనిగిరి. పెళ్లి అక్కడే. పొద్దున పదింటికి కొంచెం అటుగా ముహూర్తం. మా అక్క బస్సు బాధ్యత నాకు అప్పజెప్పింది.

"రేయ్ రమణా, బస్సు ఆరింటికి కదలాలంటే కార్డులో ఐదని ఏయించు."

"ఎందుకక్కా?"

"ఎందుకేందిరా? అందురూ గంట కలుపుకోనే గదా వచ్చేది."

"అంటే కార్డులోనే అబద్ధం అచ్చేయించాలా? జపాన్లో అయితే..."

"పెళ్లి జపాన్లో గాదురా, కనిగిర్లో!"

నేను వినలేదు. 'బస్సు ఉదయం సరిగ్గా ఆరు గంటలకు బయలుదేరును' అని వేయించాను. 'సరిగ్గా' కింద గీత కూడా పెట్టించాను. చుట్టాలందరూ కార్డు చదివారు. చదివి, గీత చూసి, "అబ్బో, గట్టిగానే రాయించినాడు" అని మెచ్చుకుని, ఎప్పటిలాగే మనసులో గంట కలుపుకున్నారు. ఆ సంగతి నాకు తెలియదు.

తర్వాత డ్రైవరు మస్తానును పిలిపించాను.

"మస్తానూ, ఆరంటే ఆరు. నిమిషం దాటగూడదు. ఎవురు రాకపోయినా బండి కదలాల్సిందే."

"పెళ్లికొడుకు రాకపోతేనో అన్నా?"

"వాణ్ణి నేనే ముందు ఎక్కిస్తా. ఒక్కసారి కదిలినాక మాత్రం ఎవురు అరిచినా ఆపొద్దు."

"నువ్వు అరిచినా గూడనా?"

"నేను అరిచినా గూడ!"

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు నాకు ఇప్పటికీ చెవుల్లో వినబడుతుంది.

అంతటితో ఊరుకుంటే రమణయ్య ఎందుకవుతాడు? పెళ్లిరోజు తెల్లవారుజామున మస్తాను ముఖం కడుక్కోవడానికి దిగినప్పుడు నాకొక లెక్క తట్టింది. డ్రైవర్లు ఆరన్నారంటే ఆరూ పదికి గానీ కదలరు. కాబట్టి బస్సులో డ్రైవరు నెత్తి మీదున్న గోడగడియారాన్ని పది నిమిషాలు ముందుకు తిప్పితే, అతని ఆరూ పది మన ఆరు అవుతుంది. ఎంత బాగా కుదిరిందో చూడండి! సీటెక్కి ముల్లు తిప్పేశాను. కార్డులో గంట ముందుకు జరపమంటే అక్కను అబద్ధమని గద్దించినవాణ్ణే, గడియారంలో పది నిమిషాలు జరిపి దానికి ముందుజాగ్రత్త అని పేరు పెట్టుకున్నాను.

బస్సు సగం నిండింది. పెళ్లికొడుకు, అక్క, బావ, దగ్గరివాళ్లు ఎక్కారు. నేను సీటు సీటుకూ తిరిగి ఫోన్లు సైలెంటులో పెట్టించాను.

"ఏందిరా ఇది?" అన్నాడు బావ. "మనం పోతాండేది పెళ్లికా, పరీచ్చకా?"

"జపాన్ రైళ్లలో ఎవురూ ఫోన్లు మాట్లాడరు బావా. ఎంత మర్యాదగా ఉంటాదో ఒక్కరోజు చూడు."

బావ ఫోను సైలెంటులో పెట్టి, తలపాగా కళ్ల మీదికి లాక్కుని మర్యాదగా నిద్రపోయాడు. అక్క చిన్న ఎర్ర డబ్బీ తెచ్చి నా చేతిలో పెట్టింది. మగపెళ్లివారి తాళి.

"నా సంచిలో ఉంటే ఏడన్నా మర్సిపోతా. మన ఇంట్లో జాగర్త గలోడివి నువ్వొక్కడివే."

నేను గర్వంగా చొక్కా జేబులో పెట్టుకున్నాను. అంతలో అక్క అటూ ఇటూ చూసి, "రేయ్, పెద్దమ్మ ఏదిరా?" అంది.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. అమ్మ పోయాక మమ్మల్నిద్దరినీ పెంచింది ఆమే. వెనక సందులో ఒక్కతే ఉంటుంది. నా చేతి గడియారం చూసుకున్నాను. ఆరుకు ఇంకా ఇరవై నిమిషాలుంది. పోయి తీసుకురావడానికి బోలెడంత టైము. "ఇప్పుడే వస్తా" అని దిగాను. ఇంజను చప్పుడులో ఆ మాట ఎవరికి వినబడిందో ఆ వేంకటేశ్వరుడికే ఎరుక.

పెద్దమ్మ జడ సగం అల్లుకుని, మిగతా సగం అలాగే వదిలేసి, పొయ్యి మీద కాఫీ పెట్టింది.

"పెద్దమ్మా! ఆరింటికి బస్సు!"

"అదే గదరా, ఆరింటికి గదా. ఆరంటే ఏడు. ఏడుకంటే ముందు యా బస్సు పోయింది మనూర్లో? కూసో, కాఫీ తాగు."

"కాఫీకి టైము లేదు. కార్డులో సరిగ్గా అని గీత గూడ గీయించినా!"

"సూసినాలే. ఆ గీత సూసే నేను ఇంత తొందరగా లేసింది."

కాఫీ ఊది ఊది తాగి, మిగతా జడ కూడా అల్లి, తాళం వేసి, వేసిన తాళం నాలుగుసార్లు లాగి చూసి బయటికొచ్చింది. మేము సందు మలుపు తిరిగేసరికి నా గడియారంలో ఆరుకు ఇంకా ఎనిమిది నిమిషాలుంది. బస్సు లేదు. దుమ్ము మాత్రం ఇంకా రోడ్డు మీద లేస్తోంది.

మస్తాను చూసింది బస్సులోని గడియారం. నేను చూసింది నా చేతి గడియారం. నా జీవితంలో మొదటిసారి ఒక డ్రైవరు సరిగ్గా టైముకు బండి కదిలించాడు, అదీ నేను తప్పుగా తిప్పిన టైముకు.

ఫోను తీశాను. అక్కకు చేశాను, ఎత్తలేదు. బావకు చేశాను, ఎత్తలేదు. శ్రీనుకు, మస్తానుకు, ఆఖరికి బస్సులోనే ఉన్న పురోహితుడికి కూడా చేశాను. ఒక్కరూ ఎత్తలేదు. ఎందుకెత్తుతారు? వాళ్లంతా జపానులో ఉన్నారు.

ఇంతలో చుట్టాలు పెట్టెలు పట్టుకుని తీరిగ్గా రావడం మొదలుపెట్టారు. అందరి ముఖాల్లోనూ 'మేమే ముందొచ్చాం' అన్న తృప్తి.

"బస్సు ఇంకా రాలేదా రమణన్నా?"

"పోయింది."

"పోయిందా! కార్డులో ఆరనే గదా ఉండేది?"

"ఆరింటికే పోయింది."

"ఆరంటే ఆరింటికే పోతే ఎట్లన్నా? మాకు ఎట్ల తెలుస్తాది?"

కార్డు తీసి 'సరిగ్గా' కింద గీత చూపించాను.

అప్పుడే మా ఫ్యాక్టరీలో రాళ్లు దింపి ఖాళీగా పోతున్న లగేజి ఆటో కనబడింది. చేతులడ్డం పెట్టి ఆపాను. డ్రైవరు పాపం మంచివాడు, టార్పాలిన్ పట్ట పరిచాడు. పట్టుచీరలు, పెట్టెలు, నేను, జేబులో తాళి, అందరం వెనక ఎక్కాం. పెద్దమ్మను ముందు సీట్లో కూర్చోమంటే, "మీరంతా యెనక మాట్లాడుకుంటా పోతాంటే నేనొక్కదాన్ని ముందర ఏంజేసేది?" అని మాతోనే ఎక్కింది.

ఆ ఆటో ఎత్తు రోడ్డు ఎక్కుతుంటే పక్కన గేదెలు దాటిపోయాయంటే మీరు నమ్మరు. దాటిపోలేదు గానీ, ఆలోచించాయి. బండి గుంతలో పడ్డప్పుడల్లా అడుగునున్న రాతిపొడి లేచి మా మీద వాలింది. తర్లుపాడు చేరేసరికి అందరం కొత్తగా తెగిన పలకల్లా బూడిదరంగులో ఉన్నాం. నేను చెయ్యి జేబు మీద నుంచి తీయలేదు. ముహూర్తం దగ్గర పడుతోంది. శ్రీనుగాడు పీటల మీద కూర్చుని తాళి కోసం దిక్కులు చూస్తున్నట్టు కళ్లకు కడుతోంది.

పెద్దమ్మ నా ముఖం చూసి మాట కలిపింది.

"ఏమిరా, నువ్వు రోజూ జెప్పే ఆ జపాన్లో బండ్లు ముసలోళ్ల కోసరం గూడ ఆగవా?"

"ఆగవు పెద్దమ్మా. వాళ్లే ముందొచ్చి నిలబడతారు."

"నడవలేనోళ్లను ఎవురు పిల్చుకొస్తారు?"

పేజీ తిప్పేసిన వార్తలు గుర్తొచ్చాయి. పెద్దమ్మ పవిట కొంగుతో నా ముఖం మీది రాతిపొడి తుడిచి, "పోన్లే, నువ్వొచ్చినావు గదా నా కోసరం. అందుకే గదా మిగిలిపోయింది" అంది. అంత దుమ్ములోనూ కళ్లు చెమర్చాయి. దుమ్ము వల్లే అనుకోండి.

అక్కడ కనిగిరిలో జరిగింది తర్వాత బావ చెప్పాడు. బస్సు అనుకున్నదానికంటే చాలా ముందే చేరిపోయింది. ఆడపెళ్లివారు కూడా మనవాళ్లే కదా, మగపెళ్లివారు ఆలస్యంగా వస్తారనే లెక్కలో ఉన్నారు. కల్యాణ మండపం గేటుకు తాళం. పెళ్లికూతురు నాయన లుంగీ మీద, నోట్లో వేపపుల్లతో పరుగెత్తుకొచ్చి, "ఏమైంది బావా, పెళ్లేమన్నా ఆగిపోయిందా?" అని అడిగాడట. టైముకు వచ్చిన చుట్టాన్ని చూస్తే మన దగ్గర మొదట పుట్టేది భయం. అప్పుడు, మేము వెనక సీట్లో ఉన్నామనుకుని దారంతా కునికిన అక్క బస్సంతా వెతికి, నేను లేనని తెలుసుకుని, ఫోను తీసి చూస్తే నా పిలుపులే వరసగా ఉన్నాయట. తిరిగి చేసిందట గానీ, ఆటో చప్పుడులో నాకు వినబడలేదు.

మేము మండపం చేరేసరికి మేళం మోగుతోంది. "మెట్టినింటి తాళి ఏదమ్మా?" అని పురోహితుడు రెండోసారి అడుగుతున్నాడు. నేను లోపలికి పరుగెత్తాను. నన్ను చూసి ఎవరో, "రాళ్లోడొచ్చినాడు, డబ్బులిచ్చి పంపించండి" అన్నారు. పీటల దగ్గరికి చేరాను. అక్క కళ్లనిండా నీళ్లు. శ్రీను ముఖం తెల్లకాగితం. ఇంతకాలం చదివింది ఊరికే పోతుందా? జపానువాళ్లలాగా చేతులు తొడలకు ఆనించి, నడుం దాకా వంగి నమస్కరించాను.

వంగగానే జేబులోంచి డబ్బీ జారి, మూత ఊడి, తాళి నేరుగా తలంబ్రాల పళ్లెంలో పడింది. కాస్త రాతిపొడి కూడా.

మేళగాడు అది ముహూర్తం సైగ అనుకుని గట్టిమేళం అందుకున్నాడు. పురోహితుడు గబగబా తాళి తీసి, ఊది, శ్రీను చేతికిచ్చాడు. ముహూర్తం దాటలేదు. నేనింకా వంగే ఉన్నాను. వెనకనుంచి పెద్దమ్మ గొంతు మేళాన్ని మించి వినబడింది.

"నడుం పట్టిందేమో సూడండ్రా! ఆటోలో కుదిపి కుదిపి తెచ్చినాడు బిడ్డను!"

ఇద్దరు కుర్రాళ్లు నన్ను నిటారుగా లేపారు.

భోజనాల దగ్గర మస్తాను పక్కనే కూర్చున్నాడు, ముఖం వెలిగిపోతోంది.

"అన్నా, టయానికి తెచ్చినానా లేదా?"

"పది నిమిషాలు ముందే కదిలిచ్చినావు గదరా!"

"గడియారంలో ఆరు కొట్టె గదన్నా. నిన్నటిదాంక సరిగ్గానే ఉండె. ఎవురో ముట్టుకున్నట్టుండారు."

ఆ పంక్తిలో అందరూ తినడం ఆపి నా వైపే చూశారు. నేను పప్పులో నెయ్యి కలుపుకుంటూ ఉండిపోయాను. జపానులో బండి ముందుగా కదిలితే కంపెనీవాళ్లు ప్రయాణికుడికి క్షమాపణ చెబుతారు. ఇక్కడ కంపెనీ నేనే, మిగిలిపోయిన ప్రయాణికుణ్ణీ నేనే. ఎవరు ఎవరికి చెప్పుకోవాలి?

అందుకే ఆ విస్తరి ముందే, అన్నం మీద చెయ్యి పెట్టి ఒట్టేసుకున్నాను. ఇకమీదట పరాయివాళ్ల గడియారం ముల్లు ముట్టుకోను. కార్డులో ఆరని ఉంటే ఏడని చదువుకుంటాను. మా పెద్దమ్మ ఎక్కి, కాళ్లు ముడుచుకుని, "ఇంక పోనీరా" అనేదాకా ఏ బండినీ కదలనివ్వను. ఇందుకు జపానువాళ్లు నొచ్చుకుంటే, వాళ్లకు నా క్షమాపణలు. వంగి మాత్రం చెప్పను. జేబులో ఏముందో ముందు చూసుకోవాలి.