ఎడమ బుగ్గ

ఆవిడని చూస్తే నాకు ఒళ్ళు మంట. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను మంచిదాన్ననుకుని మోసపోకండి.

ఆవిడంటే మా ఆయన్ని చూసుకునే ఆయా. తలకు దెబ్బ తగిలి, ఇంట్లో ఒక్క మనిషి సాయంతో నెగ్గుకురాలేని వాళ్ళని ఉంచుకుని చూసే రెండంతస్తుల భవనంలో పని చేస్తుంది. మా ఆయన కరెంటు పనివాడు. నిచ్చెన మీంచి పడ్డాడు. బతికాడు గానీ ఆయనకి ఎడమ పక్క లోకమే లేకుండా పోయింది. కన్ను బాగానే ఉంది, చెవి బాగానే ఉంది, అటువైపు ఒకటుందన్న సంగతే బుర్రకి తట్టదు. కంచంలో కుడి సగం తినేసి, అయిపోయిందంటాడు.

ఆవిడకి నలభై అయిదేళ్ళుంటాయి. ఇదివరకు దర్జీ షాపులో ఇరవై ఏళ్ళు కాజాలు కుట్టిందట. షాపు మూసేస్తే ఇక్కడ చేరింది. అందుకే అందరూ కాజాలక్క అంటారు. ఎవరికైనా గీసుకుంటుందని చేతికి గాజు పెట్టుకోదు, ఉంగరం పెట్టుకోదు. చక్రాల కుర్చీకి బ్రేకు పడిందో లేదో కాలితో రెండుసార్లు తట్టి చూస్తుంది. స్నానం చేయించే ముందు నీళ్ళు తన మోచేతి మీద పోసుకుంటుంది. ఇవన్నీ నీకెలా తెలుసంటారా? ఏడాదిగా కళ్ళప్పగించి చూస్తున్నాను, ఎక్కడ దొరుకుతుందా అని. దొరకలేదు. అదే నా ఏడుపు.

సాయంత్రం లాండ్రీలో ఇస్త్రీ పని ముగించుకుని పరుగున వెళ్ళేదాన్ని. "రా వదినా, నీ కుర్చీ వేసి ఉంచా" అనేది. ఎక్కడ వేసేది? ఆయనకి ఎడమ పక్కన! లోకం లేని పక్కన నన్ను కూర్చోబెట్టి, కుడి పక్కన తాను దర్జాగా కూర్చునేది. నోటికి మాత్రం ఆయన అన్నయ్య, నేను వదిన. సగం తిన్నాక కంచం గిర్రున తిప్పేది, ఆయన మిగతా సగం తినేవాడు. తిన్నాక మూతి తుడిచి, ఎడమ చేత్తో ఆయన ఎడమ బుగ్గని చెవి దగ్గర్నుంచి పెదవి దాకా రెండు వేళ్ళతో మెల్లగా నిమిరేది. ఆయన నవ్వేవాడు. ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన దాన్ని, నా వైపు ఆ నవ్వు ఒక్కసారి కూడా రాలేదు.

"నేను తినిపిస్తాలే" అన్నానొకరోజు.

"ఇవాళ బాగా అలిసిపోయాడు వదినా. ఇంకోరోజు చూద్దాం" అంది.

నా మొగుడికి ముద్ద పెట్టడానికి నాకు ముహూర్తం ఆవిడ చూస్తుందా! వెళ్తూ వెళ్తూ ఫిర్యాదుల పెట్టెలో కాగితం వేశాను. 'కాజాలక్క అవసరం లేకపోయినా పేషెంటు ముఖం నిమురుతోంది. భార్యని దగ్గరికి రానివ్వడం లేదు.' కింద పేరు రాయలేదు.

అక్కడి నియమం ప్రకారం, విచారణ ముగిసేదాకా ఆవిడని పై అంతస్తుకి మార్చారు. నా ఆనందం చూడాలి మీరు! కుర్చీ ఈడ్చుకొచ్చి కుడి పక్కన వేసుకున్నాను. కొత్త ఆయా మెతక మనిషి. ఆయన మూడు రోజులుగా ముభావంగా ఉన్నాడని చెబితే, నేనున్నానుగా అన్నాను. నాలుగో రోజు నేనే తినిపించాను. కంచం తిప్పాను, మూతి తుడిచాను. కళ్ళు మూతలు పడుతుంటే మంచం తల వైపు దించి పడుకోబెట్టాను.

రెండు నిమిషాల్లో ఆయన మొహం నల్లబడింది. నోరు తెరిచాడు, ఊపిరి లేదు. నేను పెట్టిన కేకకి నర్సు పరిగెత్తుకొచ్చి, పక్కకి తిప్పి, వీపు మీద నాలుగు చరిచింది. ఒక ముద్ద ఊడిపడ్డాక ఊపిరి అందింది. ఆ పైన వేలు పెట్టి ఎడమ బుగ్గలోంచి ఇంకా ఇంత తీసింది.

"ఆ పక్క బుగ్గలో ముద్ద ఉండిపోయినా ఈయనకి తెలీదు. తిన్నాక చూడాలని ఎవరూ చెప్పలేదా?" అంది నర్సు.

"చార్టులో లేదండీ" అంది కొత్త ఆయా.

నాకు ఆ రెండు వేళ్ళు గుర్తొచ్చాయి. చెవి దగ్గర్నుంచి పెదవి దాకా.

మెట్లెక్కి వెళ్ళి ఆవిడకి జరిగింది చెప్పాను. "ఊపిరి బాగా ఆడుతోందా? కూర్చోబెట్టారా?" అంది ముందు. డాక్టరు చూస్తున్నాడని చెబితే గోడకి ఆనుకుని ఊపిరి పీల్చుకుంది.

"ఇన్నాళ్ళూ నాకో మాట చెప్పకూడదూ?"

"కాజా కుట్టాక దారం తెంపినట్టే వదినా, చెయ్యి దానంతటదే పోతుంది. అదో పనని అనుకోలేదు. రాసి పెట్టాల్సింది. తప్పు నాదే."

ఆఖరికి నా తప్పు కూడా ఆవిడే లాగేసుకుంటోంది! "ఆ కాగితం రాసింది నేనే" అన్నాను.

"తెలుసు. నీ కుర్చీలోంచి తప్ప నా వేళ్ళు ఎవరికీ కనబడవు."

"మరి ఆ కుర్చీ అటే ఎందుకేశావు?"

"అన్నయ్య మెడ అటు తిరగాలంటే అటు తనకి కావాల్సిన మనిషి ఉండాలిగా. నేను కూర్చుని చూశా, తిరగలేదు."

కిందికెళ్ళి మేనేజరు ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టాను. మేనేజరమ్మ చూసిన చూపుకి తల ఎత్తలేకపోయాను. 'తిన్నాక ఎడమ బుగ్గ చూడాలి. అరగంట కూర్చోబెట్టాలి' అని చార్టులో కాజాలక్క రాసింది. అదే మాట అట్ట మీద రాసి నేను మంచం పైన గోడకి అంటించాను.

వారానికి ఆవిడ మళ్ళీ మా గదికి వచ్చింది. నేను నోరు మూసుకుని ఎడమ పక్కన కూర్చున్నాను. తినిపించింది, బుగ్గ నిమిరింది. ఆయన ఆవిడని చూసి నవ్వాడు. ఎప్పటిలాగే ఒళ్ళు మండింది, దాచడమెందుకు.

"ఏమండీ" అన్నాను, కాస్త కోపంగానే.

ఆయన మెడ కదిలింది. కొంచెం తిరిగి ఆగింది. మళ్ళీ కదిలింది. ఎన్నాళ్ళకో ఆయన కళ్ళు నా మొహం మీదికి వచ్చి నిలిచాయి.

"ఇన్నాళ్ళూ ఎక్కడికెళ్ళావే?" అన్నాడు.

"ఇక్కడే ఉన్నానండీ" అన్నాను. కళ్ళు తుడుచుకుని చూస్తే, కాజాలక్క ఖాళీ కంచం పట్టుకుని నిలబడి ఉంది. పెదవులు నవ్వుతున్నాయి, కళ్ళు నవ్వడం లేదు. చరచరా వెళ్ళిపోయింది. అది కుళ్ళేనని నాకు ఇంకొకరు చెప్పాలా!