లిఫ్టు పక్కన ఆమె ఫోటో

మా కంపెనీకి విలువలు ఐదు. నాకవి ఇప్పటికీ కంఠతా వచ్చు, ఎందుకంటే వాటికి తెలుగు రాసింది నేనే. హైటెక్ సిటీలో ఆ కంపెనీ బ్రాండ్ టీమ్‌లో పనిచేసేదాన్ని. "గౌరవం" అనే విలువకు ఒక ఫోటో కావాలన్నారు. మా అంతస్తు ఊడ్చి తుడిచే అక్కను నిలబెట్టి తీయించాను. ఆమె చీపురు పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, "పండ్లు కనబడేటట్టు నవ్వాల్నా మేడం?" అని సిగ్గుపడింది. ఆ ఫోటోను నిలువెత్తున వేయించి పెద్ద లిఫ్టు పక్కన గోడకు అంటించారు. కింద నేను రాసిన వాక్యం: "ఇక్కడ అందరూ సమానమే."

ఆ లిఫ్టు ఆమె ఎక్కకూడదు. ఊడ్చేవాళ్లకూ సామాన్లకూ వెనకాల వేరే లిఫ్టుంది. ఆ సంగతి తెలిసే ఆ వాక్యం రాశాను, పైగా బాగుందని చప్పట్లు కొడితే మురిసిపోయాను. తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఒక సోమవారం వెనక లిఫ్టు పాడైంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. తొమ్మిదో అంతస్తుకు మెట్లెక్కలేక, బకెట్టు పట్టుకుని పెద్ద లిఫ్టెక్కింది. అందులో విదేశీ క్లయింట్లున్నారు. వాళ్లు జరిగి చోటిచ్చారు కూడా. తప్పుపట్టింది వాళ్ల వెంట ఉన్న మనవాళ్లే. మధ్యాహ్నానికల్లా కాంట్రాక్టరు ఆమె బ్యాడ్జీ లాక్కుని, రేపట్నుంచి రావద్దన్నాడు.

కోపం పట్టలేక మా టీమ్ హెడ్ దగ్గరికి వెళ్లాను. ఆయన బాలానగర్‌లో సర్కారు బడికి రంగులేసే కార్యక్రమానికి టీషర్టులు ఎంచుతున్నాడు. సామాజిక బాధ్యతట!

"ఆమె మన ఉద్యోగి కాదండి, కాంట్రాక్టరు మనిషి. మనం కలగజేసుకోకూడదండి," అన్నాడు ఎంతో మర్యాదగా.

"మరి గోడ మీద ఎవరి మనిషండీ?"

"అది బ్రాండండి. వేరే విషయం."

ఆ "అండి" వింటుంటే చెంప పగలగొట్టాలనిపించింది. ఆమెనన్నా వెనక్కి పిలవండి, ఆ ఫోటో అన్నా తీసేయించండి అన్నాను. రెండూ చేయలేదు. రోజూ ఉదయం ఆ నవ్వుముఖం ముందు నిలబడి లిఫ్టు కోసం ఎదురుచూసేదాన్ని.

రెండు వారాలకు ఆమె ఫోన్ చేసింది. మళ్లీ పనిలో పెట్టించమంటుందేమోనని భయపడ్డాను.

"కొత్తగూడల ఒక ఆఫీసుల పని ఉన్నది మేడం. ముందు యాడ చేసినవ్, ఎవరితోనన్న చెప్పియ్యి అంటున్నరు. కాంట్రాక్టరు ఫోన్ ఎత్తుతలేడు. నా ఫోటో ఇంక ఉన్నదా గోడకు?"

"ఉందక్కా."

"జర దాన్ని మీ ఫోన్ల తీసి పంపుండ్రి. గంత పెద్ద ఆఫీసుల పెట్టిన్రంటే, మంచిగనే చేసిందని నమ్ముతరు."

"ఫోటో ఎందుకక్కా, నా నంబరివ్వు. నేను చెప్తాను."

"వద్దు మేడం. నా కోసం మీ కొలువుకు ఏమన్న అయితే?"

ఇంత జరిగాక కూడా ఆమె నా ఉద్యోగం గురించి ఫికర్ పడుతోంది. సరేనని ఫోన్ పెట్టేశాను.

వెంటనే లిఫ్టు దగ్గరికి వెళ్లాను. "అందరూ సమానమే" అన్న ఆ వాక్యం పడకుండా, ఆమె మాత్రమే వచ్చేలా ఫోటో తీశాను. దాని కింద నా పేరు, ఫోన్ నంబరు రాసి పంపాను.