రంధ్రము గల నాణెము చెల్లదు

పాత నాణేలు సేకరించేవాళ్లంత డాంబికులు నాకు ఇంకెక్కడా తగల్లేదు. ఎనభైల చివర్లో సిద్దిపేటలో అలాంటివాళ్లం డజనుమందిమి ఉండేవాళ్లం. ‘వాళ్లం’ అని ఇప్పుడంటున్నాను గాని, అప్పట్లో నన్ను నేను ఆ లెక్కలో కలుపుకునేవాణ్ణి కాదు. సర్కారు ఆఫీసులో గుమాస్తాను. నేను నోటు రాస్తే పై అధికారి కామా కూడా మార్చడని పేరు. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఊళ్లో అందరికంటే ఒక మెట్టు పైన ఉన్నానని నమ్మాను.

ఆదివారం పొద్దున బట్టల సేటు దుకాణం మీది గదిలో కూడేవాళ్లం. గది ఆయనది, ఛాయ్ ఆయనది, కాబట్టి అధ్యక్షుడూ ఆయనే. నాణెం చేతికిస్తే బట్టల తానులో గుడ్డను చూసినట్టు ముందు రెండు వేళ్ల మధ్య నలిపి చూసేవాడు. వెండిదైతే ముఖం విప్పారేది, రాగిదైతే పక్కకు నెట్టేవాడు. ఇంకొకాయన రిటైరైన పంతులు. ఆయనకు ఉర్దూ చదవడం వచ్చు, నిజాం నాణేల మీది రాతలు చదివి చెప్పేవాడు. ఆ మాత్రానికే కొమ్ములు మొలిచినట్టు తిరిగేవాడు. నేను ఇద్దరి మాటలూ విని, ఇంటికెళ్లి మా ఆవిడ ముందు అనుకరించి చూపించేవాణ్ణి.

ఒకసారి హైదరాబాదులో పెద్ద ప్రదర్శన పెడుతున్నారని, మా ఊరి నుంచి వర్గానికొక పలకను తీసుకుంటారని కబురొచ్చింది. ఎవరివి పంపాలో తేల్చడానికి పోటీ పెట్టాం. పలక అంటే నాణేలు పొదిగిన చెక్క. రకానికొకటి చొప్పున, ఏ రకమూ తప్పిపోకుండా పొదగాలి. ఒకే పైసాను సంవత్సరానికొకటి చొప్పున ఇరవై పెడితే లెక్క కాదు. ఇంత చిన్న సంగతి మావాళ్ల బుర్రకెక్కించడానికి రెండు ఆదివారాలు పట్టింది.

“రకం అంటే గదే గద సార్, ఫస్టు రకం, సెకండు రకం?” అన్నాడు సేటు. ఆయన దుకాణంలో రకానికి అదొక్కటే అర్థం. మెరిసేవి మొదటి వర్గం, మాసినవి రెండో వర్గం చేద్దామన్నాడు. ఇంకా నయం, చింతపండు పెట్టి తోముకు రమ్మనలేదు.

పంతులు గొంతు సవరించుకున్నాడు. “ఎడమకు సూసే రాజులు ఒక వర్గం, కుడికి సూసే రాజులు ఇంకో వర్గం. గిది శాస్త్రం.”

“మరి మన సింహాలో? అవి నేరుగ సూస్తయి గద,” అన్నాడు సేటు.

దాని మీద ఒక గంట నడిచింది. చివరికి నేనే కాగితం లాక్కుని మూడు వర్గాలు రాశాను. నిజాం టంకసాలలో కొట్టిన హాలీ సిక్కా ఒకటి, ఇంగ్లీషు రాజుల కల్దారు ఒకటి, స్వరాజ్యం వచ్చాక కొట్టినవి ఒకటి. ఊళ్లో ముసలివాళ్లెవరిని అడిగినా చెప్పే విభజనే అది. అయినా నేనేదో కనిపెట్టినట్టు ముఖం పెట్టాను.

ఆ తర్వాత నియమాలు. పలకలో ఒక్క గుంత కూడా ఖాళీగా ఉండకూడదన్నది పంతులు పెట్టింది. ఇంకో చిక్కు ఉంది. పోటీ అనగానే జనం పిల్లల మొలతాళ్లకు కట్టిన నాణేలు, ఆడవాళ్ల మెడలో దండలకు గుచ్చినవి విప్పుకుని రావడం మొదలుపెట్టారు. అన్నిటికీ మేకుతో పొడిచిన తూట్లే.

“తూటు పొడిచినయి సెల్లయి అని రాయి సార్,” అన్నాడు సేటు.

‘పొడిచినవి’ అన్న మాట నాకు నచ్చలేదు. సంతలో ఎద్దు పొడిచినట్టుంది. నా కలానికి అది తగదనుకున్నాను. ‘రంధ్రము గల నాణెము చెల్లదు’ అని రాసి, పైకి చదివి వినిపించాను. ఎంత హుందాగా ఉందో అని నేనే మురిసిపోయాను. సేటుకు తేడా తెలియలేదు, తలూపాడు. మర్నాడే అది నోటీసై బడి హాలు గోడకెక్కింది.

పోటీలో చేరడానికి వచ్చినవాళ్లలో ఒక నేతపని ఆయన ఉన్నాడు. యాభై దాటినవాడు. పాత మగ్గం చెక్కను నున్నగా చిత్రిక పట్టి, కల్దారు వర్గానికి పలక చేసుకొచ్చాడు. చివరి ఇంగ్లీషు రాజు కాలంలో వచ్చిన చిల్లరంతా, దమ్మిడీ మొదలు రూపాయి దాకా, ఒక్కోదానికి దాని కొలతకే గుంత తొలిచాడు. ప్రతి గుంత అడుగునా తాను నేసిన గుడ్డ ముక్క. ఇంత శుభ్రమైన పని మా గదిలో ఎవడూ చేయలేదు. మెచ్చుకుంటే నా మెట్టు ఎక్కడ దిగిపోతుందోనని ఊరికే “బాగుంది కాకా” అన్నాను.

“ఇరవై ఏండ్లు బొంబాయి దిక్కు భీవండిల మగ్గం నడిపిన సార్. నా చేతి పనికి కూలి ఇచ్చిన్రు గని నా పేరేందని ఎవ్వరడగలె. గీ పలక నా బుర్రతోని చేసిన. హైదరాబాదుల దీని కింద నా పేరుండాలె. గంతే,” అన్నాడు.

పోటీ రోజు బడి హాల్లో మూడు బల్లలు వేశాం. పంతులు భూతద్దం పట్టుకుని, శస్త్రచికిత్సకు బయల్దేరిన డాక్టరులా నడిచాడు. కల్దారు బల్ల మీద పలకలు రెండే. ఒకటి నేతాయనది, ఒకటి సేటు అల్లుడిది. పంతులు వేలు నేతాయన పలక మధ్యలో ఆగింది.

“గీ తూటేంది?”

నేతాయన నవ్వాడు. “తూటు పైస గద పంతులూ! యుద్ధంల రాగి తక్కువైందని టంకసాలల్నే అట్ల కొట్టిన్రు.”

పంతులుకు తెలియక కాదు. చిన్నప్పుడు ఆ పైసాతో పుట్నాలు కొనుక్కున్నవాడే. అయినా గోడ మీది నోటీసు చూశాడు, నన్ను చూశాడు. “రంధ్రము గల నాణెము చెల్లదు అని ఉన్నది. తీసెయ్యి మరి.”

“తీస్తే గుంత ఖాళీ అయితది. ఖాళీ ఉంటే సెల్లదని గూడ మీరే పెట్టిన్రు.”

పక్కన అల్లుడి పలకలో ఖాళీ గుంత లేదు. అలాంటి పైసా ఒకటుందనే ఆ మహానుభావుడికి తెలియదు, కాబట్టి గుంతే తొలవలేదు; రంధ్రమున్నది చెల్లదన్నాక అది లేకపోవడం లోటూ కాదు. తెలియనివాడి పలక నిండుగా ఉంది, తెలిసినవాడిది చెల్లకుండా పోతోంది.

అప్పుడు సేటే నోరు విప్పాడు. “నేను పొడిచిన అని సెప్పిన గద సార్? టంకసాలల కొట్టింది పొడిచినట్టు ఎట్లయితది?”

హాలంతా నా వైపు తిరిగింది. కలం జేబులోనే ఉంది. రెండడుగులు వేసి గోడ మీద ఒక్క మాట కొట్టేస్తే అయిపోయేది. కానీ కొట్టేస్తే, నాణేన్ని బట్టలా నలిపి చూసే మనిషి చెప్పిన మాటే సరైనదని, కామా కూడా మార్చనక్కర లేని నా వాక్యమే తప్పని పదిమందిలో ఒప్పుకున్నట్టు. అది నావల్ల కాలేదు.

“నోటీసు ఎక్కినంక మారిస్తే మిగిలినోళ్లు అడుగుతరు సేటూ,” అన్నాను. మిగిలినోళ్లంటే ఆయన అల్లుడొక్కడే.

సేటు అల్లుడి పలక వైపోసారి చూసి, కండువా సర్దుకుని ఊరుకున్నాడు. ఎంత తొందరగా నోరు మూసుకున్నాడో చూడు అని అప్పుడు కూడా ఆయన్నే తిట్టుకున్నాను. పంతులు భూతద్దం జేబులో వేసుకున్నాడు.

అంతా సద్దుమణిగాక నేతాయన దగ్గరికి వెళ్లాను. ఊరడించినట్టుంటుందని ఒక ఖాళీ సర్టిఫికెట్ పట్టుకెళ్లాను. “కాకా, పోటీల పాల్గొన్నందుకు గిదొకటి ఉంది. నీ పేరు చెప్పు, రాసిస్త.”

ఆయన పలకను తువ్వాలలో చుట్టుకుంటున్నాడు. చేతులు ఆపకుండానే అన్నాడు: “వద్దు సార్. పంతులు నోటీసు సూసి మాట్లాడిండు. సేటుకు అల్లుడు అడ్డమొచ్చిండు. మీకేమొచ్చింది? మీరు సదువుకున్నోళ్లు, తప్పని తెలిసి గూడ దాని మీదనే నిలవడ్డరు. మీ చేతి రాతల నా పేరు పడొద్దు.”

కోపంగా అన్నా బాగుండేది. లెక్కలోకి రాని మనిషితో మాట్లాడినట్టు అన్నాడు. ఊరందరినీ నేను చూసిన చూపు ఎలా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. తువ్వాల ముడి బిగించి, పలక చంకన పెట్టుకుని, గోడ మీది నోటీసు వైపు తలైనా తిప్పకుండా వెళ్లిపోయాడు.

నేను బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నాను. సేటు అల్లుణ్ణి పిలిచి ఇంటిపేరు అడిగి, అదే సర్టిఫికెట్ మీద అక్షరం వంకర పోకుండా రాసిచ్చాను.