బాపు మణికట్టు మీది మచ్చ

నేను కరీంనగర్‌లో ఒక ల్యాబులో టెక్నీషియన్‌ని. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కలను మైనంలో బిగించి, వెంట్రుక కంటే పలచగా కోసి, గాజు పలక మీద పరిచి, రంగులు వేసి, రిపోర్టు రాసే మేడం ముందు పెట్టడం నా పని. మా బాపు దృష్టిలో నేను కూరగాయలు తరిగే మనిషిని.

"పొద్దంతా ఏం కోస్తవ్ బిడ్డా?" అని గోదావరిఖనిలో మా ఇంటికి వెళ్లినప్పుడల్లా అడిగేవాడు. ఒకసారి ఓపిక తెచ్చుకుని కూర్చోబెట్టి చెప్పాను. ఒంట్లో ప్రాణమున్నవాటిలో అన్నిటికంటే చిన్నది కణం. ఒకే పని చేసే కణాలు గుంపు కడితే కణజాలం. రకరకాల కణజాలాలు కలిసి పనిచేస్తే అవయవం.

"గంతేనా?" అన్నాడు. "బొగ్గు నింపేటోళ్లు ఒక గ్యాంగు, పైకప్పుకు దిమ్మెలు పెట్టేటోళ్లు ఒక గ్యాంగు, పంపులోళ్లు ఒక గ్యాంగు. అందరు కలిస్తే బొగ్గుబాయి. దీనికి మూడేండ్లు చదివినవా?"

నాకు ఒళ్లు మండింది. అయినా పోలిక సరిగ్గానే ఉంది. చర్మం కూడా అవయవమేనని చెబితే మాత్రం నమ్మలేదు. "తోలు సంచి లెక్క గదా, అది పనేం చేస్తది?" అన్నాడు.

బాపు వయసులో ఉన్నప్పుడు బొగ్గుబాయిలో తట్టలతో బొగ్గు నింపాడు. తర్వాత రిటైరయ్యేదాకా పంపు ఆపరేటర్. బాయి అడుగున ఊరే నీళ్లను పంపు ఎప్పటికప్పుడు తోడాలి, అందుకని తర్వాతి షిఫ్టు మనిషి వచ్చేదాకా కదలకూడదు. రిలీవర్ రాని రోజు బాపు ఎప్పుడో వచ్చేవాడు, అమ్మ చల్లారిన అన్నం ముందు పెట్టుకుని గొణిగేది. "నేను లేస్తే నీళ్లు లేస్తయి" అనేవాడు.

పోయిన చలికాలం బాపుకు ఒక గడియారం కొనిచ్చాను, స్టీలు పట్టీది. ఎడమ మణికట్టు మీద ఆయనకు చింతగింజంత నల్ల మచ్చ ఉంది, నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. పట్టీ దానిమీద ఒరుసుకుని మచ్చ దురద పెట్టింది, మందమైంది, ఒకరోజు రక్తం కూడా వచ్చింది. కరీంనగర్ రప్పించి చర్మం డాక్టరుకు చూపించాను.

"ఎప్పటి నుంచి ఉంది?" అన్నాడు డాక్టరు.

"పుట్టినప్పటి సంది సారూ."

డాక్టరు ముఖం మారింది. పుట్టుమచ్చ ఇలా మారితే మంచిది కాదని, క్యాన్సరేమో చూడాలని, ముక్క తీసి పరీక్షకు పంపుదామని అన్నాడు. బాపు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"పెన్షన్ కాగితాల మీద గిదే గుర్తు రాసిన్రు. కోసేస్తే రేపు నేను నేనే అని ఎట్ల చూపెట్టాలె?"

"మనిషివే లేకపోతే పెన్షన్ ఎవరికి బాపూ?" అన్నాను, అందరూ వింటుండగానే. అనకూడని మాట. ఆయన నన్ను ఒక్కసారి చూసి, చెయ్యి చాపాడు.

మర్నాడు ఆ ముక్క ఉన్న సీసా నా బల్ల మీదికే వచ్చింది. ఎన్ని వేల ముక్కలు కోశానో, అన్నీ నాకు నంబర్లే. ఈ నంబరు వెనక చెయ్యి ఎవరిదో తెలుసు.

చర్మాన్ని అడ్డంగా కోస్తే పై పొరలో కణాలు వరుసల మీద వరుసలుగా పేర్చి ఉంటాయి. వాటి కింద ఒక సన్నని గట్టు, గట్టు కింద నారలూ రక్తనాళాలూ ఉండే లోపలి పొర. క్యాన్సరంటే వరుస తప్పిన కణాలు గట్టు తెంచుకుని కిందికి దిగడమే. రంగు సరిగా పట్టిందో లేదో చూసుకునే నెపంతో మైక్రోస్కోపులో కన్ను పెట్టాను. పై వరుసలు బాగానే ఉన్నాయి. గట్టు కింద మాత్రం కణాల నిండా నలుపు. మా బాపుదని చెప్పి పలకను మేడం ముందు పెట్టాను.

మేడం చాలాసేపు చూసింది. "బ్లీచ్ చేసి చూద్దాం. ఒంట్లో పుట్టిన నలుపైతే పోతుంది. పోకపోతే అది బయటి నుంచి వచ్చింది" అంది.

ఆ పని ఇంకెవరికీ ఇవ్వలేదు. పలకను రసాయనంలో ముంచి, నిమిషాలు లెక్కపెట్టి, కడిగి, మళ్లీ రంగు వేసి మేడం చేతికిచ్చాను. నలుపు చెక్కుచెదరలేదు.

"మీ నాన్నగారు ఏం పని చేసేవారు?" అంది మేడం.

"బొగ్గుబాయిలో..." అని ఆగిపోయాను. మా వాడలో బాయి పని చేసిన ప్రతి కాక నుదుటి మీదా, మోచేతి మీదా దెబ్బల్లో బొగ్గు దిగిన నీలి గీతలే. గోదావరిఖనిలో పుట్టి పెరిగి బొగ్గును గుర్తుపట్టలేకపోయాను. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ మేడం ముందే.

క్యాన్సర్ కాదు, బొగ్గని ఫోన్ చేసి చెప్పి, పుట్టుమచ్చ అన్నందుకు తిట్టాను. బాపు నింపాదిగా చెప్పాడు: "బొగ్గుపెళ్ల మీద వడి తెగింది బిడ్డా, నువ్వు పుట్టకముందు. పెన్షన్ కాగితాలు రాసేటప్పుడు క్లర్కు సారు పుట్టుమచ్చనా అన్నడు. ఎనక లైను పెద్దగున్నది, ఊ అన్న. ఒకసారి రాసినంక అదే చెప్పాలె గదా?"

ఆ ఆదివారం ఇంటికి వెళ్లినప్పుడు ఆయనే అడిగాడు, "తోలు పొట్టు రాలుతనే ఉంటది గదా, బొగ్గు ఎట్ల ఉన్నది?"

రాలేది పై పొరేనని చెప్పాను. లోపలి పొరలో కాపలా కణాలు ఉంటాయని, దారితప్పి వచ్చినదాన్ని మింగడం వాటి పని అని చెప్పాను. బొగ్గును మింగాయి, అరగదు. అది ఇంకెక్కడికీ పోకుండా పట్టుకుని అక్కడే కూర్చున్నాయి. ఒక కణం కాలం తీరితే పక్కనున్న ఇంకో కణం వచ్చి ఆ నలుసును అందుకుంటుంది.

బాపు మణికట్టు తిప్పి, కట్టు పక్కన మిగిలిన నలుపును చూసుకున్నాడు.

"ఇన్నేండ్ల సంది? రిలీవర్ వచ్చేదాక కదలకుంట?"

"కదలకుండా."

కుట్లు విప్పిన రోజు డాక్టరు, మిగిలింది కూడా తీసేద్దామా, చూడ్డానికి బాగుంటుంది అన్నాడు. ఈసారి పెన్షన్ మాట ఎత్తలేదు బాపు.

"ఉండనియ్యుండ్రి సారూ. డ్యూటీల ఉన్నోళ్లను ఎట్ల లేపుతం?"

బయటికి వచ్చాక ఆయన జేబులోంచి గడియారం తీసి, కుడి చేతికి నేనే కట్టాను.