కలకత్తా నుంచి బ్యాంకాక్, రెండున్నర గంటలు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు, ముందే చెబుతున్నాను. లాల్‌ఖదాన్ పట్టాల పక్కన తెల్లచీర కనబడుతుందని మా బిలాస్‌పూర్‌లో చాలామంది అంటారు. ముప్పై ఏళ్ళు ఆ దారిన నడిచాను. మేకలు తప్ప ఏమీ కనబడలేదు.

ఇది మా తోడికోడలు సుగుణ మట్టె సంగతి.

మా ఆయన గూడ్స్ బండి నడిపేవారు. ఇంట్లోంచి ఎవరు బయల్దేరినా, చేరారన్న కబురు వచ్చేదాకా మేము చీపురు పట్టం. మా అత్తగారు నేర్పిన పద్ధతి. ఆయన డ్యూటీకి వెళితే ఒక్కోసారి రెండు రోజులు చెత్త అలాగే ఉండేది.

పోయిన చలికాలం మరిది, సుగుణ బ్యాంకాక్ బయల్దేరారు. స్టేషన్ దగ్గరని, ఊరికి అవతలివైపు సర్కండాలోని వాళ్ళింటి నుంచి మా ఇంటికొచ్చి, భోంచేసి, సాయంత్రం మేము స్టేషన్‌కి వెళ్ళి సాగనంపితే హౌరా బండి ఎక్కారు. కలకత్తా నుంచి విమానం.

"అక్కణ్ణించి ఎంత దూరమేటి?" అని మా ఆయన్ని అడిగాను.

"పదహారు వందల కిలోమీటర్లు. రెండున్నర గంటల్లో దించేస్తాది."

నా కడుపు మంట అక్కడ మొదలైంది. హౌరాకి ఏడు వందల కిలోమీటర్లు, రాత్రంతా పడుతుంది. నేను పుట్టి బుద్ధెరిగి వెళ్ళిన దూరం అంతే. వంట కూడా నా దగ్గరే నేర్చుకున్న సుగుణ, నేను పప్పు ఉడికించి బట్టలు ఉతికేంత సేపట్లో సముద్రం దాటేస్తుందా?

పొద్దున్న ఆరున్నరకి హౌరాలో దిగామని ఫోన్ చేసింది. ఇల్లంతా ఊడ్చి తడిగుడ్డ పెట్టాను. పదిన్నరకి ఫోటో పంపింది. విమానం ఎక్కే ముందు కాళ్ళు చాపి కొత్త చెప్పులు చూపిస్తోంది. రెండు కాళ్ళకీ చేప మట్టెలు. ఎడంకాలి చేపకి తోక విరిగితే సర్కండా కంసాలి వేసిన అతుకు కూడా కనబడుతోంది. ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోన్లో ఉంది.

పదకొండుకి విమానం లేచింది. పన్నెండు కాకముందే చీపురు తీశాను. కావాలనే. ఊడవడానికి ఏమీ లేదు. ఆ సుగుణ కోసం రెండున్నర గంటలు కూడా ఆగకూడదనుకున్నాను.

గుమ్మం దగ్గర చీపురుకి ఏదో తగిలింది. మట్టె. తోకకి అతుకు. చేతిలోకి తీసుకుంటే ఐసు ముక్కలా ఉంది.

రెండు గంటలకి సుగుణ ఫోన్. మా వైపు అక్కని అప్పా అంటారు. "అప్పా, దిగిపోనాం. ఏటోగానీ, ఎడంకాలి మట్టె విమానంలో పోనాది. ఎక్కినప్పుడు ఉంది. సీటు కిందంతా ఎతికాం, నేదు."

అది నా గుప్పిట్లో ఉంది. "పోతే పోనీలే" అన్నాను. నిజం చెబితే చీపురు సంగతీ చెప్పాలి.

వాళ్ళు తిరిగొచ్చేదాకా ఐదు రోజులు ఇల్లు ఊడవలేదు. ఆయన అడిగితే నడుం నొప్పి అన్నాను.

సుగుణ రాగానే మట్టె ముందు పెట్టి అంతా చెప్పేశాను. నవ్వుతుందనుకున్నాను.

"ఎన్నింటికి ఊడిసావప్పా?"

"పన్నెండు కాకముందు."

"విమానం ఒక్కసారి కిందకి జారిపోనాది. అప్పుడే. మీ మరిది నా చెయ్యి వదల్లేదు."

"నిన్ను చూసి కుళ్ళుకున్నానే."

"తెలుసు. హౌరా బండెక్కినప్పుడే నీ మొహం చూసాను" అని ఎడంకాలు నా ఒళ్ళో పెట్టింది. నేనే తొడిగాను. సరిగ్గా సరిపోయింది.

గాలిలో ఉన్న మనిషి కాలి మట్టె గంటలోపే మా గుమ్మానికి ఎలా వచ్చిందో నాకు ఈరోజుకీ తెలీదు. సుగుణ ఇప్పుడు మా ఇంటి నుంచి సర్కండాకి ఆటో ఎక్కినా, చేరానని ఫోన్ చేసేదాకా నేను చీపురు ముట్టను.