గాలిబావిలో రాయి

మా ఊళ్ళో బంగారం తవ్వేవాళ్ళని చెబితే ఇప్పుడెవరూ నమ్మరు. వాళ్ళ తప్పేం లేదు, చూస్తే నాకే నమ్మబుద్ధి కాదు. కుప్పం దాటి, సరిహద్దు గుట్టల పక్కన, గని కోసం పుట్టి గనితోపాటే పోయిన ఊరు మాది. నా చిన్నప్పుడు సంతరోజు బజారులో ఒకరినొకరు తోసుకుంటేగాని నడవలేకపోయేవాళ్ళం. షిఫ్టు మారినప్పుడల్లా సంగు కూసేది. కంపెనీ సైరన్ని మేం అలాగే అనేవాళ్ళం. ఆ కూతకే ఎసరు పెట్టేవాళ్ళు, ఆ కూతకే పిల్లల్ని లేపేవాళ్ళు.

మా నాయన పంపు దగ్గర పనిచేసేవాడు. బంగారం తవ్వేవాళ్ళకంటే తనే గొప్పని ఆయన నమ్మకం. గనిలో నీళ్ళు ఊరుతూనే ఉంటాయి, తోడకపోతే అది గని కాదు, బావి. తోడిన నీళ్ళే శుభ్రంచేసి కాలనీ కొళాయిలకు వదిలేవాళ్ళు. ఎండాకాలంలో జిల్లా అంతా బిందెలతో బారులు తీరితే మేం వాకిళ్ళు కడుక్కునేవాళ్ళం. నీళ్ళు కంపెనీవి కాబట్టి ఎప్పటికీ వస్తాయనుకుని కాలనీలో ఒక్కరూ బోరు వేయించలేదు. అంత తెలివి మాకే చెల్లింది.

తొంభైల చివర్లో గిట్టుబాటు కావడంలేదని గని మూసేశారు. పంపులు ఆగాయి, వెంటనే కొళాయిలూ ఆగాయి. కింద నీళ్ళు పెరుగుతుంటే పైన మేం ట్యాంకరు దగ్గర బిందెలతో కొట్టుకున్నాం.

మా అమ్మది పూతలపట్టు దగ్గర పల్లె. పుట్టింట్లో ఆమె వంతు చేను మా మామ చేతికింద ఉండేది. గని మూసేశారని తెలియగానే ఆయన కబురు పంపాడు. వచ్చి సేద్యం చేసుకుంటే చేను మాదేనట, రాకపోతే మామిడి పెట్టేస్తాడట. అమ్మ ఆ రోజే సామాను సర్దబోయింది. నాయన వినలేదు. ఆయన పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్ళు.

"ఏనుగు బతికినా వెయ్యే, సచ్చినా వెయ్యే. ఇంత గనిని ఎవురు ఒదిలేస్తారే? లోపలుండే పెద్ద పంపు మునిగేదాకా దీనికేమీ కాదు, మళ్ళా తెరుస్తారు" అన్నాడు.

"మునిగితే?" అంది అమ్మ.

"మునిగిన రోజు నేనే మూట నెత్తికెత్తుకుంటా. సరేనా?"

అమ్మ సరేనంది.

నీళ్ళ మట్టం తెలుసుకోడానికి పంపువాళ్ళకో పద్ధతి ఉండేది. గుట్ట వెనక గాలిబావి ఉంది. గని లోపలికి గాలి ఆడడానికి తవ్విన నిలువు గుంత అది, పైన ఇనుప కమ్మీలు. సందులోంచి రాయి వదిలి, నిదానంగా మూడుసార్లు గోవిందా అనుకోవాలి. మూడోది పూర్తయ్యేలోపు నీళ్ళ చప్పుడు వినిపించిందా, పెద్ద పంపు మునిగినట్టే. కాలనీలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు.

నాయన ప్రతి ఆదివారం ఉతికిన చొక్కా తొడుక్కుని, తిరుమలకు బయల్దేరినంత శ్రద్ధగా పోయి వచ్చేవాడు. గడపలోనే చెప్పేవాడు, "నీళ్ళు యాడనో పాతాళంలో ఉండాయి" అని. అమ్మ అన్నం వడ్డించేది.

అలా రెండేళ్ళు గడిచాయి. మామ చూసి చూసి మామిడి అంట్లు నాటేశాడు. ఆ కబురొచ్చిన పూట అమ్మ పప్పు మాడ్చింది. ఆమె వంటలో మాడు వాసన నేనెరిగి అదొక్కసారే. తర్వాత ఆమె కూడా తెల్లవారి బెంగుళూరు రైలెక్కి బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి పోయే ఆడవాళ్ళలో కలిసింది. మా ఊరి బతుకు ఇప్పటికీ ఆ రైలే. క్వార్టర్ల కప్పులు ఎవరో పెరుక్కుపోయారు. గాలి లేస్తే గనిమట్టి దిబ్బల దుమ్ము అన్నంలో పడుతుంది.

కొన్నేళ్ళకు నాయన పోయాడు. పదకొండో రోజు, ఆయనతోపాటు పంపు దగ్గర చేసిన పెద్దాయన నా పక్కన కూర్చుని మాటల్లో అనేశాడు.

"మీ నాయన మొండోడు పాపా. మూసేసిన ఏడాది వానాకాలంలోనే మునిగిపోయినాది పెద్ద పంపు. ఇద్దరమూ కలిసే విన్నాము."

నాకు ఒళ్ళు మండిపోయింది. పోయిన మనిషి మీద కోపం ఎవరికి చూపించాలి? వంటింట్లోకి పోయి అమ్మకే చెప్పాను, నాయన మనకు అబద్ధం చెప్పాడని, చేను అందుకే పోయిందని.

అమ్మ విస్తళ్ళు తుడుస్తోంది. తల ఎత్తలేదు.

"తెలుసు. ఆదివారం మీ నాయన పోతా ఉండె. సోమవారం నేను పోతా ఉంటి. రెండో గోవిందకే పడేది రాయి."

"మరి అడగలేదేమ్మా?"

"మూట ఎత్తుకుంటానని అన్నది ఆయన. ఆయనే చెప్పాల గదా" అంది. తుడిచిన విస్తరినే మళ్ళీ తుడిచింది. "ప్రతి ఆదివారమూ అన్నం పెడతా, ఈ పొద్దు చెప్తాడులే అనుకుంటి."