బాక్సులో పైవరస కాయలు

మదనపల్లె టమోటా మండీలో నాకు అబ్బిన విద్య ఒక్కటే. బాక్సులో మచ్చకాయలు కింద, నిగనిగలాడేవి పైన. కొనేవాడు గట్టివాడైతే బాక్సు బోర్లించి చూస్తాడు. అలాంటివాళ్లంటే నాకు ఒళ్లుమంట.

పెద్దపేగులో క్యాన్సర్ అన్నాక కూడా ఆ విద్య నన్ను వదల్లేదు. కుప్పంలో ఆసుపత్రివాళ్లు గడ్డ ముక్కను పరీక్షకు పంపి, నాకు ఇమ్యూనోథెరపీ సరిపడుతుందన్నారు. అందరికీ సరిపడదట. పదో తరగతి రెండుసార్లు తప్పినవాణ్ణి, ఈ పరీక్ష ఒకేసారి పాసయ్యానని మండీ అంతా చాటాను. మూడు వారాలకోసారి సెలైన్‌లా ఎక్కిస్తారు. మన ఒంట్లో రోగాలను అడ్డుకునే కాపలానే నిద్రలేపి గడ్డ మీదికి ఉసిగొల్పే మందు. మూడు డోసులకే గడ్డ తగ్గింది.

నాలుగో డోసు ముందు బేదులు పట్టుకున్నాయి. చెబితే మందు ఆపేస్తారేమోనని భయం. మెంతులు కలిపిన మజ్జిగ తాగి నోరు మూసుకున్నాను. నోరొక్కటే నా మాట వింది. కుప్పం వెళ్లే రోజు పుంగనూరు బస్టాండులో నేను మరుగుదొడ్డికి పరిగెత్తి వచ్చేదాకా మా ఆవిడ ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టి బస్సును ఆపింది. నేనేమో టీ తాగి వచ్చినవాడిలా మూతి తుడుచుకుంటూ ఎక్కాను.

"రోజుకు మోషన్ ఎన్నిసార్లు అవుతోంది?" అని అడిగింది డాక్టరమ్మ.

"రెండేసార్లు మేడమ్. ఆకలి బాగుండాది, నిద్ర బాగుండాది." పైవరస కాయలన్నీ చూపించాను.

"ఈయప్ప అబద్ధం చెప్తాండాడు మేడమ్. ఆరుసార్లు. పుంగనూరులో బస్సు నిలబెట్టించినాడు." మా ఆవిడ బాక్సు బోర్లించేసింది.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. నిద్రలేచిన కాపలా గడ్డతో పాటు మంచి పేగు మీదా పడిందట. చెబితే మాత్రలతో అదుపు చేయవచ్చు, దాచితే పేగుకు చిల్లు పడినా పడుతుందట. "ఈరోజు డోసు వద్దు. ముందు ఇది తగ్గాలి" అని స్టెరాయిడ్ మాత్రలు రాసింది.

బయటికి రాగానే మా ఆవిడ మీద ఎగిరాను. "యాల చెప్పినావు? ఇంక ఆ మందే ఇయ్యకపోతే?"

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మచ్చకాయ కొన్నోడు తిట్టుకుంటా పోయి ఇంకో బాక్సు కొనుక్కుంటాడు. నేను యాడికి పోవాల?"

నాకు సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది. మందుల చీటీ ఆమె చేతికే ఇచ్చాను.

తిరుగు బస్సు పుంగనూరు చేరగానే, బస్సంతా వినేలా కండక్టరుతో నేనే చెప్పాను. "రవ్వంత నిలుపప్పా. నాకు బేదులు."